వారియర్స్ వేసవి గొడవలు: లక్షణం, కారణం, విరుగుడు

ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో జూన్ నుంచి అక్టోబర్ దాకా మ్యాచ్‌లు ఉండవు, వాదనలు మాత్రం ఉంటాయి. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో మా జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని మా బావకీ నాకూ ప్రతి వేసవీ పడుతుంది. సగం గొడవలు రూల్ తెలియక వచ్చేవే. మిగతా సగమే నిజంగా వాదించుకోదగ్గవి. ఏది ఏదో ఇలా తేల్చుకోండి.

లక్షణం: "క్లే వెళ్లిపోయాడుగా, ఆ డబ్బుతో ఇంకో స్టార్‌ని తేవచ్చుగా!"

కారణం: శాలరీ క్యాప్‌ని, అంటే జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితిని, మన ఇంటి బడ్జెట్‌లా అనుకోవడం. సొంత ఆటగాడి కోసం జట్టు క్యాప్ దాటొచ్చు, బయటివాడి కోసం కొన్ని చిన్న మినహాయింపులు తప్ప అలా దాటడం కుదరదు. 2023-24లో మా స్టార్ షూటర్ క్లే థాంప్సన్ జీతం 4.32 కోట్ల డాలర్లు. 2024 వేసవిలో ఆయనా, క్రిస్ పాల్ కూడా వెళ్లిపోయాక చూసినా జట్టు ఇంకా క్యాప్ పైనే ఉంది. అంటే చేతికి మిగిలింది ఏమీ లేదు.

విరుగుడు: పోయినవాడి జీతం చూడకండి, ఉన్నవాళ్ల జీతాలు కూడండి. క్యాప్ కంటే తక్కువ వస్తేనే ఖాళీ ఉన్నట్టు. క్లేని ఊరికే వదలకుండా డాలస్‌కి ట్రేడ్ రూపంలో పంపారు. అందుకే అదే డీల్‌లో బడ్డీ హీల్డ్, కైల్ ఆండర్సన్ రాగలిగారు.

లక్షణం: "2025 వేసవంతా నిద్రపోయారు, ఒక్కరినీ తీసుకోలేదు!"

ఆ వేసవి మా ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు. సెప్టెంబర్ చివరి వారం వచ్చినా జట్టులో దాదాపు సగం కుర్చీలు ఖాళీ.

కారణం జొనాథన్ కుమింగా కాంట్రాక్ట్. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, ఏడో నంబర్‌గా వచ్చినవాడు. నాలుగేళ్లు పూర్తయ్యాక రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. అంటే వేరే జట్టు ఆఫర్ ఇచ్చినా, వారియర్స్ అంతే ఇచ్చి తమ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ వేసవిలో పెద్దగా క్యాప్ ఖాళీ ఉన్నది దాదాపు బ్రూక్లిన్ జట్టుకే, కాబట్టి బయటి ఆఫర్ రాలేదు. కుమింగా కూడా తొందరపడలేదు. 79 లక్షల డాలర్ల ఏడాది ఆఫర్‌కి సంతకం పెట్టి, మరుసటి వేసవిలో స్వేచ్ఛగా వెళ్లిపోయే దారి ఆయనకి అప్పుడు ఉండేది.

ఆ అంకె తేలకుండా మిగతావాళ్లకి ఎంత మిగులుతుందో తెలియదు. జీతాల మొత్తానికి క్యాప్ పైన ఏప్రన్లు అనే రెండు గీతలు ఉంటాయి; రెండో ఏప్రన్ ఆ సీజన్‌లో 20.78 కోట్లు. అల్ హోర్ఫోర్డ్‌ని తీసుకోవడానికి వాడాల్సిన ఎక్సెప్షన్ (క్యాప్ దాటినా బయటివాడిని తీసుకోనిచ్చే మినహాయింపు) వాడితే ఏడాదంతా ఆ గీత దాటకూడదు. అందుకే అందరూ కుమింగా వైపే చూస్తూ కూర్చున్నారు. సెప్టెంబర్ 30న రెండేళ్లకి 4.85 కోట్ల దాకా డీల్ కుదిరింది. వెంటనే వరసగా హోర్ఫోర్డ్, మెల్టన్, గ్యారీ పేటన్, సెత్ కర్రీ వచ్చేశారు.

విరుగుడు: జట్టు కదలకపోతే ముందు "ఎవరి సంతకం ఆగింది?" అని అడగండి. ఇక్కడ వాదించాల్సింది ఒక్కటే: కుమింగా విషయం అంతకు ముందు వేసవిలోనే తేల్చి ఉండాల్సింది కాదా? తేల్చాల్సిందనే నా అభిప్రాయం. ఆలస్యం అయ్యేకొద్దీ ఆటగాడి మనసూ విరిగింది.

లక్షణం: "కుమింగాని, ఇంకో ఇద్దరిని ఇచ్చేసి యానిస్‌ని తెచ్చేద్దాం"

కారణం: రెండు వైపుల జీతాలు పోల్చి చూడకపోవడం. 2025-26లో మిల్వాకీ స్టార్ యానిస్‌కి 5.41 కోట్లు. మొదటి ఏప్రన్ దాటిన జట్టు, పంపిన జీతం కంటే ఒక్క డాలర్ ఎక్కువ తీసుకోకూడదు. ఒక ఆదివారం టీ తాగుతూ టిష్యూ పేపర్ మీద రాశాను: కుమింగా 2.25, మోసెస్ మూడీ 1.16, హీల్డ్ 0.92. మొత్తం 4.33. ఇంకా కోటికి పైగా తక్కువ. పైగా కుమింగాని 2026 జనవరి 15 దాకా ట్రేడ్ చేయడానికే అప్పుడు వీల్లేదు.

"అయితే బావా, డ్రేమండ్‌ని కలుపుదామా? నువ్వే చెప్పు" అన్నాను. డ్రేమండ్ గ్రీన్ అంటే మా జట్టు పాత స్తంభం.

బావ చాలాసేపు ఆ పేపర్ వైపే చూశాడు. "డ్రేమండ్‌ని ఎలా పంపుతాంరా..." అన్నాడు.

విరుగుడు అదే. పేరు చెప్పే ముందు పేపర్ మీద రాయండి. ఆ సీజన్‌లో స్టెఫ్ కర్రీ, జిమ్మీ బట్లర్, డ్రేమండ్ ముగ్గురికే 13.96 కోట్లు, క్యాప్ మొత్తం 15.46.

లక్షణం: లెక్కలన్నీ ఒప్పుకున్నాక కూడా క్లే పేరెత్తితే గొంతు మారడం

దీనికి రూల్‌తో సంబంధం లేదు. పదమూడేళ్లు, నాలుగు టైటిళ్లు. మోకాలు, ఆ తర్వాత మడమ వెనక స్నాయువు తెగి 941 రోజులు ఆటకి దూరమై తిరిగొచ్చిన మనిషి. ఈ జెర్సీలో చివరి మ్యాచ్‌లో పది షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు. ఆయనకి ఇంకో ఏడాది ఇవ్వాల్సిందని బావ అంటాడు. నేను ఒప్పుకోను, కానీ ఎదురు చెప్పను.

2024 నవంబర్ 12న క్లే డాలస్ జెర్సీలో మా జట్టు సొంత మైదానం చేజ్ సెంటర్‌కి వచ్చినప్పుడు అభిమానులకి కెప్టెన్ టోపీలు పంచారు, ఆయన పడవలో ప్రాక్టీస్‌కి వచ్చేవాడు కాబట్టి. క్లే 22 పాయింట్లు చేశాడు, స్టెఫ్ కర్రీ 37 చేసి మ్యాచ్ లాగేసుకున్నాడు. బావ టోపీ ఇప్పటికీ టీవీ పక్కన మేకుకి వేలాడుతోంది.