ఓవెన్ లేని ఇంట క్రిస్మస్ కేకు

క్రిస్మస్ కేకును 24వ తేదీ సాయంత్రం మొదలుపెడితే ఆ పని చిరాకుతోనే ముగుస్తుంది. ఒకవైపు అరిసెల పాకం, మరోవైపు రాత్రి ఆరాధనకు వెళ్లే తొందర ఉండగా కేకు మీద మనసు నిలవదు. పైగా ఎండుపండ్ల కేకు చేసిన రోజు కంటే మరునాటికే రుచి పట్టుకుంటుంది కనుక, 22వ తేదీన ఇంటిల్లిపాదీ కలిసి పూనుకోవడం మంచిది.

ముందు రోజు రాత్రే కిస్‌మిస్, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ కలిపి 150 గ్రాములు తీసుకుని, అవి తడిసేంత బత్తాయి రసం పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఖర్జూరాల గింజలు తీసి సన్నగా తరగడం కూర్చుని చేసే పని కాబట్టి అది అవ్వకు చెందుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల తేమ డిసెంబరులోనూ వదలదు. డబ్బా తెరిచి చాలాకాలమైన బేకింగ్ పౌడర్ ఆ తేమకు బలహీనపడుతుంది. అర చెంచాను వేడినీళ్లలో వేసినప్పుడు బుసబుస పొంగకపోతే కొత్తది తెచ్చుకోవాలి.

కేకుకు రంగునూ, ఆ కమ్మని చిరుచేదునూ ఇచ్చేది మాడ్చిన చక్కెర. దీన్ని పెద్దవాళ్లే చేయాలి. అడుగు మందపు గిన్నెలో 50 గ్రాముల చక్కెరను సన్నని సెగ మీద కరిగించి, తేనె రంగు దాటి రాగి రంగు రాగానే దించి, 60 మిల్లీలీటర్ల వేడినీటిని దూరంగా నిలబడి కొద్దికొద్దిగా పోయాలి. పాకం ఎగిరి చిందుతుంది కనుక పిల్లలను వంటింటి గడప అవతలే ఉంచాలి. ఒక ఏడాది మా ఇంట్లో నల్లబడిన పాకాన్ని పారబోయడానికి మనసొప్పక కలిపేస్తే, ఆ చేదును ఏ చక్కెరా కప్పలేకపోయింది.

పాకం చల్లారాక, మెత్తబడిన వెన్న 100 గ్రాములను అంతే చక్కెర పొడితో తెల్లబడేదాకా గిలకొట్టాలి. ఈ పనికి ఉదయగిరి కొయ్య గరిటె చేతికి ఎంతో అనువుగా ఉంటుంది. ఇంట్లో బలమైన చేయి ఎవరిదైతే వారికి అది అప్పగించి, రెండు గుడ్లను ఒకదాని తరువాత ఒకటి చేర్చి, చల్లారిన పాకం పోయాలి. 150 గ్రాముల మైదాలో ఒక చెంచా పక్కన పెట్టి, మిగిలినదాన్ని చెంచా బేకింగ్ పౌడర్‌తో జల్లించి మెల్లగా కలపాలి. నిమ్మతొక్కను పైపైన తురిమి వేస్తే మంచి వాసన వస్తుంది. లోపలి తెల్లపొర మాత్రం చేదు.

పిలకాయలకు రెండు పనులు మిగిలాయి. ఆరంగుళాల గిన్నెకు వెన్న రాసి కాగితం పరచడం ఒకటి. పండ్లను వడకట్టి, పక్కన పెట్టిన మైదాలో దొర్లించడం మరొకటి. పండ్లకు పొడి అంటితే అవి అడుగుకు అంత తేలిగ్గా దిగిపోవని అంటారు. ఆ పండ్లను కేకు పిండిలో మెల్లగా కలిపి, కాగితం పరచిన గిన్నెలో పోయాలి.

ఐదు లీటర్ల పాత కుక్కర్‌కు రబ్బరు, విజిల్ తీసివేసి, అడుగున అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, స్టాండు ఉంచి పది నిమిషాలు వేడి చేయాలి. నీళ్లు పోయకూడదు. పిండి పోసిన గిన్నెను స్టాండు మీద ఉంచి మూత పెట్టి, సన్నని మంట మీద యాభై నిమిషాల నుంచి గంట వరకు ఉడకనివ్వాలి. మొదటి నలభై నిమిషాల్లో ఎవరెంత అడిగినా మూత తీయరాదు. తీస్తే పొంగిన నడిభాగం కుంగిపోతుంది. తరువాత సన్నని పుల్ల గుచ్చి చూసినప్పుడు పిండి అంటకుండా రావాలి. ఈ ఉప్పు కూరలకు పనికిరాదు, మరుసటి ఏటి కేకుకు దాచుకోవచ్చు.

పూర్తిగా చల్లారాక కాగితం ఒలిచి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. క్రిస్మస్ పాటలు పాడుతూ యువకులు ఇంటికి వచ్చే రాత్రి దాకా దానికి కాపలా కాయడం కూడా అవ్వ పనే.