ఒకరికి తెరుచుకుని ఇంకొకరికి తెరుచుకోని బ్లాగ్: షేర్డ్ హోస్టింగ్ తిప్పలు, పరిష్కారాలు

"సైట్ పోయిందండీ" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: డొమైన్ గడువు ఎప్పటిదాకా ఉంది? చాలాసార్లు అవతలి నుంచి జవాబు రాదు. కోడ్ అంతా తిరగేసి, డేటాబేస్‌తో కుస్తీ పట్టి, ఫైళ్లన్నీ మళ్లీ ఎక్కించి, చివరికి చూస్తే రెన్యువల్ డబ్బు కట్టలేదని తేలుతుంది.

పీహెచ్‌పీలో సొంతంగా రాసుకున్న బ్లాగ్‌ని షేర్డ్ హోస్టింగ్‌లో నడిపేవాళ్ల కోసం ఇది. సీప్యానెల్‌లోకి వెళ్లడం, ఫైల్ మేనేజర్ వాడటం, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో టేబుల్ తెరవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఎవరికీ తెరుచుకోవడం లేదు

డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట కొన్నవాళ్లకి రెండు గడువులు ఉంటాయి. రెండూ చూడండి. గడువు ఉన్నా డొమైన్ ఆగిపోయిందంటే మెయిల్ వెరిఫికేషన్ సంగతి చూడండి. డాట్ కామ్ లాంటి డొమైన్లు కొన్నప్పుడు, లేదా యజమాని వివరాలు మార్చినప్పుడు ఒక లింక్ వస్తుంది. దాన్ని 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ని ఆపేస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

ఇంకొకటి. డొమైన్ ఖాతాకి అదే డొమైన్ మీదున్న మెయిల్ అడ్రస్ ఇవ్వకండి. డొమైన్ ఆగిన రోజే ఆ మెయిల్ కూడా ఆగుతుంది. ఇక హెచ్చరిక ఎక్కడికి రావాలి?

తెల్ల పేజీ, లేదా 500 ఎర్రర్

పేజీ తెల్లగా వస్తే కోడ్ వైపు చూడకండి, ఎర్రర్ లాగ్ వైపు చూడండి. సీప్యానెల్ హోస్టింగ్‌లో మామూలుగా ఏ ఫోల్డర్‌లో స్క్రిప్ట్ పడిపోయిందో ఆ ఫోల్డర్‌లోనే ఆ పేరుతో ఫైల్ ఉంటుంది. తెరిచి అడుగున ఉన్న వరస చదవండి. ఏ ఫైల్, ఎన్నో లైన్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇది చూడకుండా "నిన్నటిదాకా బాగానే ఉంది, నేనేం ముట్టుకోలేదు" అనేవాళ్లే ఎక్కువ.

మీరు ముట్టుకోకపోయినా హోస్టింగ్ వాళ్లు ముట్టుకుని ఉంటారు. పాత పీహెచ్‌పీ వెర్షన్ తీసేసి 8కి మార్చి ఉంటారు. పాత పాఠాలు చూసి రాసిన బ్లాగుల్లో మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే పాత ఫంక్షన్ ఇంకా కనిపిస్తుంటుంది. దాన్ని పీహెచ్‌పీ 7లోనే, అంటే 2015 డిసెంబర్‌లోనే తీసేశారు. సీప్యానెల్‌లో వెర్షన్ వెనక్కి మార్చుకునే వీలుంటే మార్చండి, సైట్ లేస్తుంది. కానీ అది తాత్కాలికం. ఆ వారంలోనే కూర్చుని డేటాబేస్ కోడ్‌ని పీడీఓలోకి, అంటే పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతిలోకి మార్చుకోండి.

బొమ్మలు ఎక్కడం లేదు, లాగిన్ నిలవడం లేదు

పోస్ట్ సేవ్ అవుతుంది, ఫొటో మాత్రం సున్నా సైజులో వస్తుంది. లాగిన్ అవుతారు, మరుక్షణం మళ్లీ లాగిన్ పేజీ వస్తుంది. డిస్క్‌లో చూస్తే సగం ఖాళీ. అప్పుడు సీప్యానెల్‌లో ఫైళ్ల లెక్క ఎంతుందో చూడండి. షేర్డ్ హోస్టింగ్‌లో జాగాకి ఒక పరిమితి, ఫైళ్ల సంఖ్యకి ఇంకో పరిమితి ఉంటాయి. రెండోది నిండినా కొత్త ఫైల్ పుట్టదు. లాగిన్ నిలవకపోవడానికి కారణం కూడా ఇదే, మీరు లాగిన్ అయ్యారని గుర్తుపెట్టుకునే సెషన్ కూడా ఒక ఫైలే మరి. పోస్ట్ ఎందుకు సేవ్ అవుతోందంటే, చాలా హోస్టింగ్‌లలో డేటాబేస్ మీ ఫోల్డర్‌కి బయట ఉంటుంది.

ఇన్ని ఫైళ్లు ఎక్కడివి? ఎక్కువగా మెయిల్ పెట్టె నుంచి. ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. డొమైన్‌కి వచ్చే తలాతోకా లేని స్పామ్ అంతా డిఫాల్ట్ పెట్టెలో ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. దాన్ని ఖాళీ చేసి, డిఫాల్ట్ అడ్రస్‌ని తిప్పికొట్టే సెట్టింగ్‌లో పెట్టండి. కాష్ ఫోల్డర్ కూడా ఒకసారి ఊడవండి.

నాకు బాగానే ఉంది, మా అల్లుడికి తెరుచుకోవడం లేదు

అసలు ఈ వ్యాసం రాసింది దీనికోసమే. చూడటానికి చిన్న విషయం, కానీ ఇంత మంది ఇన్ని రోజులు పోగొట్టుకున్న సమస్య ఇంకొకటి లేదు.

విశాఖ సీతమ్మధారలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉత్తరాంధ్ర పల్లె పాటల మీద బ్లాగ్ నడుపుతారు. పాత హోస్టింగ్‌లో రెన్యువల్ రేటు పెంచారని కొత్త హోస్టింగ్‌కి మారారు. ఫైళ్లు ఎక్కించారు, డేటాబేస్ దించారు, డొమైన్‌లో ఐపీ అడ్రస్ మార్చారు. ఇంట్లో కంప్యూటర్‌లో చక్కగా వస్తోంది. గాజువాకలో ఉన్న అల్లుడికి మాత్రం పాత పోస్టులే కనిపిస్తున్నాయి. "కాష్ క్లియర్ చెయ్యి బాబూ" అన్నారు మాస్టారు. అతను చేశాడు. ఫోన్ ఆపి మళ్లీ వేశాడు. ఇంకో బ్రౌజర్ పెట్టుకున్నాడు. అవే పాత పోస్టులు. హోస్టింగ్ వాళ్లకి టికెట్ పెడితే "మా వైపు నుంచి బాగానే తెరుచుకుంటోంది" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే, అక్కడే వచ్చింది చిక్కు.

నాకు ఫోన్ చేస్తే ఒకటే అడిగాను. "మాస్టారూ, మీ ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి."

"అయ్యో, ఇక్కడా పాతదే వస్తోంది నాయనా!"

కారణం ఇది. ఇంటర్నెట్‌లో అడ్రస్‌లు రెండు రకాలు. చుక్కలు పెట్టి నాలుగు సంఖ్యలుగా రాసేది పాతది, ఐపీవీ4. కోలన్లతో పొడుగ్గా ఉండేది కొత్తది, ఐపీవీ6. మీ డొమైన్‌లో మొదటిదాన్ని చెప్పేది ఏ రికార్డ్. రెండోదాన్ని చెప్పేది క్వాడ్ ఏ రికార్డ్, అంటే నాలుగు ఏలు వరసగా రాసి ఉండేది. పాత హోస్టింగ్ తీసుకున్న రోజున ఈ రెండూ వాటంతట అవే వచ్చి ఉంటాయి. హోస్టింగ్ మారేటప్పుడు అందరూ ఏ రికార్డ్ మారుస్తారు. ఎందుకంటే కొత్త హోస్టింగ్ పంపిన మెయిల్‌లో ఉండేది ఆ అడ్రస్ ఒక్కటే. క్వాడ్ ఏ మాత్రం పాత సర్వర్ వైపే చూపిస్తూ అలాగే ఉండిపోతుంది.

2016లో సేవలు మొదలుపెట్టినప్పటి నుంచి జియో ఫోన్లకి ఐపీవీ6 అడ్రస్‌లు ఇస్తోంది. రెండు అడ్రస్‌లూ ఉంటే బ్రౌజర్లు ముందు ఐపీవీ6నే పట్టుకుంటాయి. కాబట్టి మొబైల్ డేటా మీద వచ్చేవాళ్లు పాత సర్వర్‌కి, ఐపీవీ4 మాత్రమే ఉన్న బ్రాడ్‌బ్యాండ్ మీద వచ్చేవాళ్లు కొత్త సర్వర్‌కి వెళ్తారు. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీవీ6 ఉంటే ముందు మీకే తెలిసేది. లేకపోతే ఇలా అల్లుడు చెప్పేదాకా తెలియదు.

"పాత హోస్టింగ్ ఎలాగూ ఆగిపోతుందిగా, అప్పుడు బ్రౌజర్ రెండో అడ్రస్‌కి వెళ్తుందిగా" అంటారు కొందరు. అవతల ఎవరూ పలకకపోతే వెళ్తుంది, నిజమే. కానీ షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద బోలెడు సైట్లు ఉంటాయి. మీ ఖాతా పోయినా సర్వర్ బతికే ఉంటుంది, అడిగితే పలుకుతుంది. ఖాతా ఆపేశాం అన్న పేజీనో, ఇంకెవరిదో సర్టిఫికెట్‌తో "ఈ సైట్ సురక్షితం కాదు" అన్న ఎర్ర హెచ్చరికనో చూపిస్తుంది. జవాబు వచ్చింది కాబట్టి బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది.

దీనికి ఇంకో వేషం కూడా ఉంది. హోస్టింగ్ మారి నెలలు గడిచాక ఒకరోజు ఎస్ఎస్ఎల్, అంటే సైట్ సురక్షితమని బ్రౌజర్‌కి చెప్పే సర్టిఫికెట్, రెన్యూ కాదు. ఈ సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. దాన్ని పాత సర్వర్ నుంచి తెచ్చుకుని కొత్తదాంట్లో పెట్టుకుంటే అది ఉన్నన్నాళ్లూ ఏ గొడవా ఉండదు. రెన్యువల్ సమయంలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా ముందు ఐపీవీ6 అడ్రస్‌కే వెళ్లి పరీక్ష ఫైల్ అడుగుతుంది. పాత సర్వర్ "అలాంటి ఫైల్ లేదు" అంటుంది. పరీక్ష ఫెయిల్. ఎప్పుడో చేసిన మార్పుకి ఇవాళ్టి ఎర్రర్‌కి లంకె ఉందని ఎవరికి తడుతుంది? అందరూ సర్వర్ సెట్టింగులుండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్ మీద పడతారు.

తేల్చుకోవడం సులభం. కొత్త హోస్టింగ్‌లో మాత్రమే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి, అందులో "కొత్త సర్వర్" అని రాయండి. వైఫైలో ఒకసారి, మొబైల్ డేటాలో ఒకసారి దాన్ని తెరవండి. ఒకచోట వచ్చి ఇంకోచోట 404 (ఫైల్ లేదు) వస్తే అనుమానం అక్కర్లేదు. తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, పక్కన డొమైన్ పేరు ఇవ్వండి. జవాబులో కోలన్లున్న అడ్రస్ కనిపించి, అది మీ కొత్త హోస్టింగ్ వాళ్లది కాకపోతే దొంగ దొరికినట్టే.

ఇక సరిచేయడం. ముందు మీ డొమైన్ నేమ్‌సర్వర్లు, అంటే ఈ రికార్డులు దాచి అడిగినవాళ్లకి చెప్పే సర్వర్లు, ఎవరివో చూడండి. ఇక్కడే సగం మంది తప్పుతారు. నేమ్‌సర్వర్లు డొమైన్ కొన్న కంపెనీవైతే, సీప్యానెల్ జోన్ ఎడిటర్‌లో మీరు ఎన్ని మార్పులు చేసినా గోడకి చెప్పినట్టే. నేమ్‌సర్వర్లు ఎవరివో వాళ్ల ప్యానెల్‌లోనే మార్చాలి. కొత్త హోస్టింగ్ వాళ్లు ఐపీవీ6 అడ్రస్ ఇస్తే క్వాడ్ ఏలో అది పెట్టండి. ఇవ్వకపోతే ఆ రికార్డ్‌ని తీసేయండి. తీసేస్తే నష్టం లేదు, ఫోన్లు ఐపీవీ4 మీదుగా వస్తాయి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్న పేరుకి విడిగా క్వాడ్ ఏ ఉందేమో అదీ చూడండి. ఊపులో మెయిల్ రికార్డులు తీసేయకండి, మెయిల్ ఆగిపోతుంది.

తర్వాత టీటీఎల్ ఎంత ఉందో అంతసేపు ఆగాలి. పాత అడ్రస్‌ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో రికార్డ్ పక్కన చెప్పే సంఖ్య అది. 14400 అని ఉంటే నాలుగు గంటలు. ఈసారి హోస్టింగ్ మారేటప్పుడు ముందురోజే దాన్ని 300కి తగ్గించుకుంటే ఈ నిరీక్షణ ఐదు నిమిషాలే. సైట్‌కి, చూసేవాళ్లకి మధ్య నిలబడే సేవ క్లౌడ్‌ఫ్లేర్. అందులో నారింజ రంగు మేఘం పెట్టుకున్నవాళ్లకి ఎన్ఎస్‌లుకప్‌లో కనిపించేవి క్లౌడ్‌ఫ్లేర్ అడ్రస్‌లు, వాటిని చూసి కంగారు పడొద్దు. అసలు రికార్డులు వాళ్ల డాష్‌బోర్డ్‌లోనే చూడాలి.

పాత హోస్టింగ్ ఇంకా బతికి ఉంటే దాన్ని వెంటనే మూసేయకండి. ఇన్నాళ్లూ ఫోన్ల నుంచి వచ్చిన వ్యాఖ్యలన్నీ అక్కడి డేటాబేస్‌లో పడి ఉంటాయి. మాస్టారికి శ్రీకాకుళం నుంచి ఎవరో ఒక పాటకి మిగతా చరణాలు రాసి పంపితే, అవి పాత డేటాబేస్‌లో దొరికాయి. మీరు మారిన తేదీ తర్వాతి వరసలు మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసి, ఐడీ కాలమ్ వదిలేసి కొత్తదాంట్లో కలపండి. ఐడీతో కలిపితే రెండు చోట్లా ఒకే నంబర్లు ఉండి గొడవ అవుతుంది.

దీనికి సరిగ్గా తలకిందులైన సమస్య ఒకటుంది. అందరికీ తెరుచుకుంటుంది, మీకు ఒక్కరికే తెరుచుకోదు. అంటే ఎఫ్‌టీపీలోనో మెయిల్‌లోనో పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టి ఉంటారు, సర్వర్ ఫైర్‌వాల్ మీ ఐపీని ఆపేసి ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చాక ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో పాతదే వదిలేస్తే అదే రోజంతా తప్పు కొడుతూ ఉంటుంది. ముందు దాన్ని సరిచేసి, తర్వాత హోస్టింగ్ వాళ్లకి మీ ఐపీ చెప్పి తీయించుకోండి.

తెలుగు పోయి ప్రశ్నార్థకాలు వచ్చాయి

ముందు ఏ రకంగా పాడైందో చూడండి. నెత్తిన గీతలున్న ఇంగ్లీష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే కంగారు లేదు. చాలావరకు లోపల తెలుగు భద్రంగానే ఉంటుంది, చదివే పద్ధతి తేడాగా ఉంది. కనెక్షన్‌లో క్యారెక్టర్ సెట్‌ని యూటీఎఫ్8ఎంబీ4గా పెడితే సరిపోతుంది. డేటాబేస్ లోపల కూడా ఉత్త ప్రశ్నార్థకాలే ఉంటే అక్షరాలు పోయినట్టే, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి. తెలుగు బాగానే సేవ్ అయి, ఇమోజీ పెట్టిన పోస్ట్ మాత్రం ఎర్రర్ ఇస్తే టేబుల్ పాత యూటీఎఫ్8లో ఉంది. అందులో ఒక్కో అక్షరానికి మూడు బైట్లే పడతాయి. తెలుగుకి మూడు చాలు, ఇమోజీకి నాలుగు కావాలి.

మిగతావి

సైట్ నెమ్మదిగా ఉండి అప్పుడప్పుడు 508 (మీ వాటా వనరులు అయిపోయాయి) వస్తే చాలాసార్లు బాట్లు, అంటే వాటంతట అవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు, పీడిస్తుంటాయి. ఎవరెవరు వచ్చారో ఉండే యాక్సెస్ లాగ్ చూసి వాటిని ఆపండి. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించాక "ఇక మన బ్లాగులు స్పీడ్ అవుతాయా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మీ హోస్టింగ్ సర్వర్ అమెరికాలో ఉంటే బీచ్ రోడ్డులో ఏం కట్టినా దానికి తెలియదు. కాంటాక్ట్ ఫారం మెయిల్ స్పామ్‌లో పడుతుంటే పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ వదిలేసి ఎస్ఎంటీపీ (మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయి పంపే పద్ధతి) వాడండి. హ్యాక్ అయ్యిందేమో, టేబుల్ చెడిందేమో, సర్వర్ డిస్క్ పోయిందేమో అన్నవి అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

టికెట్ పెట్టాల్సి వస్తే "అర్జెంట్, సైట్ పనిచేయడం లేదు" అని మాత్రం రాయకండి. ఏ పేజీ, ఏ టైమ్‌కి, వైఫైలోనా మొబైల్ డేటాలోనా, మీ ఐపీ ఏది, ఎర్రర్ లాగ్‌లో చివరి వరసలు ఏంటి, ఇవి రాయండి. అవతల కూర్చున్న కుర్రాడికి మీ సైట్ తన దగ్గర బాగానే తెరుచుకుంటుందని గుర్తుపెట్టుకుని రాయండి.