ఆఫీసు గ్రూప్ సెషన్‌లో అందరూ నోరు విప్పాలంటే ఏం చేయాలి?

పెద్ద సార్ ఎదురుగా కూర్చుని ఉండగా "సలహాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఎవరూ పలకరు. ఆలోచనలు లేక కాదు, పెద్దల ముందు ఎదురు చెప్పకూడదని పెరిగాం కాబట్టి. నెదర్లాండ్స్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో తయారుచేసిన పవర్ డిస్టెన్స్ సూచీలో (పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య అధికార తేడాని జనం ఎంత మామూలుగా తీసుకుంటారో చెప్పే అంకె) మన దేశానికి 77, అమెరికాకు 40. అది దేశం మొత్తానికి వేసిన లెక్కే, మీ పక్క సీటు మనిషికి అంటగట్టకండి. కానీ అమెరికా అడ్వర్టైజింగ్ రంగంలో పుట్టిన బ్రెయిన్‌స్టార్మింగ్, అంటే అందరూ కూర్చుని తోచిన ఆలోచనలన్నీ పైకి చెప్పేసే పద్ధతి, ఇక్కడ ఎందుకు తేలిపోతుందో కొంత అర్థమవుతుంది.

1. ఎవరొస్తున్నారో ముందే కనుక్కోండి. విశాఖలో స్టీల్‌ప్లాంట్ అయినా రుషికొండ ఐటీ ఆఫీసు అయినా ఒకే గదిలో తెలుగు, హిందీ, ఒడియా వినిపిస్తాయి. సినిమాల్లో శ్రీకాకుళం యాసను ఎన్నాళ్లుగానో నవ్వులాట చేశారు, అందుకే ఆ జిల్లా కుర్రాడు నలుగురిలో మాట్లాడటానికి జంకొచ్చు. ఏ భాషలో, ఏ యాసలో చెప్పినా సరేనని మొదటే చెప్పండి. మీరూ మీ యాసలోనే మాట్లాడండి.

2. సార్‌తో ముందురోజే మాట్లాడండి. రావద్దనడం మన దగ్గర కుదరదు. "మీరు ముందు చెప్తే అందరూ దానికే తలూపుతారు సార్, చివర్లో మాట్లాడితే బాగుంటుంది" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ప్రారంభించి వెళ్లి, ఆఖరి అరగంటకి తిరిగొస్తే ఇంకా మంచిది.

3. నోటితో కాదు, కాగితంతో మొదలుపెట్టండి. జర్మనీలో పుట్టిన 6-3-5 పద్ధతి మనకి బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఆరుగురు కూర్చుని, ఒక్కొక్కరూ అయిదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి, కాగితం పక్కవాళ్లకి అందిస్తారు. ఆరు విడతలు తిరిగేసరికి అరగంటలో 108 వస్తాయి. పేర్లు రాయించకండి. రాయడం అలవాటు లేనివాళ్లుంటే టైమ్ పెంచండి, బొమ్మ గీసినా పర్వాలేదు. చేతిరాత గుర్తుపడతారన్న టెన్షన్ ఉంటే కాగితాలన్నీ కలిపేసి, బయటి మనిషితో చదివించండి.

4. మొహమాటం పోవడానికి మొదట్లో ఆడించే ఆటలు చూసి ఎంచుకోండి. చేతులు పట్టుకోవడం, వెనక్కి పడిపోతే పట్టుకోవడం లాంటివి కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఇబ్బంది. ఇంకో చిక్కు ఉంది. "మీ ఇంటిపేరు కథ చెప్పండి" అనేది పైకి సరదాగానే ఉంటుంది, నిజానికి కులం ఆరా తీసినట్టే. దాని జోలికి పోవద్దు.

5. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లని పొద్దున్నే కూర్చోబెట్టకండి. శుక్రవారం నమాజు వేళ, కార్తీకమాసం భోజనాలు గుర్తుంచుకోండి.

6. "అలాగే సార్" అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నారని మాత్రమే. అందుకని "ఓకేనా?" అని అడగకుండా "ఇది రేపు మొదలుపెడితే ఎక్కడ ఆగిపోతుంది?" అని అడగండి. అసలు అభ్యంతరాలు టీ దగ్గర బయటపడతాయి. ఆ పావుగంట ఫోన్ పక్కనపెట్టి వాళ్ల మధ్యే నిలబడండి. ఏ పని ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో వారంలోపు క్యాంటీన్ నోటీసు బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ పెట్టించండి.