తెలుగు మాట రాగానే రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రాం ఆగిపోతోందా? స్ట్రింగ్ రకంతో వచ్చే చిక్కులు

సమస్య: ఊరి పేరులో మొదటి పది అక్షరాలే చూపించాలని స్ట్రింగ్‌ను (మాటలను దాచే రకం) 0 నుంచి 10 వరకు స్లైస్ చేసిన, అంటే ముక్క కోసిన ప్రోగ్రాం, పది అక్షరాలకు తగ్గని ఇంగ్లీషు పేర్లతో సజావుగా నడిచి, "విశాఖపట్నం" దగ్గర పదో బైటు అక్షర సరిహద్దు కాదంటూ పానిక్ అవుతుంది, అంటే లోపం చూపి అక్కడే ఆగిపోతుంది.

కారణం: స్ట్రింగ్ లోపల ఉండేది యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్ల వరుస, స్లైస్‌కు మనం ఇచ్చే సంఖ్యలు ఆ బైట్లకు చెందినవి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో మాత్రం అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా, పొల్లుకైనా, సున్నకైనా మూడేసి బైట్లు పడతాయి. విశాఖపట్నంలో ఇలాంటివి పది ఉన్నందున పొడవు చెప్పే లెన్ 30 అని చెబుతుంది. "శా"లోని దీర్ఘం 9వ బైటు దగ్గర మొదలై 12కు ముందు ముగుస్తుంది కనుక, పదో స్థానం సరిగ్గా దాని నడుమ పడుతుంది. చెల్లని యూటీఎఫ్-8ను స్ట్రింగ్‌లోకి రానివ్వకూడదన్న నియమం కోసమే రస్ట్ అక్కడ ఆగుతుంది. విరిగిన అక్షరం డేటాబేసుకు చేరడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

పరిష్కారం: స్లైస్ బదులు గెట్ వాడితే పానిక్ ఉండదు, ఆప్షన్ (విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే రకం) వస్తుంది, అయితే దానిమీద వెంటనే విలువను బయటికి తీసే అన్‌రాప్ పిలిస్తే నన్ (విలువ లేదు) దగ్గర మళ్లీ అదే పానిక్ ఎదురవుతుంది కాబట్టి, మ్యాచ్‌తో విలువ ఉన్నప్పుడు, లేనప్పుడు అనే రెండు దారులూ రాయాలి.

చాలామంది స్ట్రింగ్‌ను చార్‌లుగా విడదీసే చార్స్‌తో, ఉదాహరణకు మొదటి ఎనిమిది చార్‌లు తీసుకుని సరిపెట్టుకుంటారు. పానిక్ పోతుంది గానీ, తెరపై "విశాఖపట్" అని పొల్లుతో తెగిన మాట మిగులుతుంది, ఎందుకంటే చార్ అన్నది యూనికోడ్ సంకేతమే తప్ప మనం పలికే అక్షరం కాదు. అక్షరాలుగా విడదీసే సౌకర్యం స్టాండర్డ్ లైబ్రరీలో లేదు. యూనికోడ్-సెగ్మెంటేషన్ అనే క్రేట్ (బయటి లైబ్రరీ) తెచ్చుకోవాలి. అందులోనూ 2023 నాటి యూనికోడ్ 15.1 లేదా ఆ తర్వాతి నియమాలు పాటించే వెర్షన్‌నే ఎంచుకోవాలి, పాత నియమాలు "ట్నం"ను రెండు ముక్కలు చేస్తాయి.

సమస్య: హ్యాష్‌మ్యాప్‌లో (కీ-విలువ జతలు దాచే రకం) దాచిన పేర్ల జాబితా ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ వేరే వరుసలో వస్తుంది.

హ్యాష్‌మ్యాప్ వరుసకు హామీ ఇవ్వదు. కీలను క్రమంలో ఉంచే బీట్రీమ్యాప్‌కు మారితే వరుస స్థిరపడుతుంది. అయితే స్ట్రింగుల పోలిక బైట్ల ప్రకారమే జరుగుతుంది కనుక, వర్ణమాల చివర ఉండవలసిన "ఱ" ఇక్కడ "ర" వెంటనే వస్తుంది. నిఘంటువు క్రమం కావాలంటే ఒక్కో అక్షరానికి వరుస సంఖ్య కేటాయించి, పేర్లను వెక్ అనే జాబితాలోకి తీసుకుని, ఆ సంఖ్యలతో క్రమంలో పేర్చే సార్ట్_బై_కీ పిలవాలి.