స్టాఫ్‌కి హెపటైటిస్ బి టీకా వేసే ముందు చూసుకోవాల్సినవి

సిస్టర్స్, రేపు మన స్టాఫ్‌కే టీకాలు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ముందు ఇవి చూసుకోండి.

• ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ టీకా గడ్డకడితే ఇక పనికిరాదు, అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ని వెంటనే క్యారియర్‌లో (టీకాలు తీసుకెళ్లే పెట్టెలో) పెట్టొద్దు. బల్ల మీద ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాలి, అప్పుడే పెట్టండి. చాలామంది తొందరలో వదిలేసేది ఇదే.

• వయల్ (టీకా సీసా) మీద ఎక్స్‌పైరీ, వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) రంగు చూడండి. లోపలి చదరం బయటి వలయంతో సమానంగా నల్లబడిందా, పక్కన పెట్టేయండి.

• ఎన్నో డోసో అడగండి (0, 1, 6 నెలలు). మధ్యలో ఆపేసినవాళ్లకి మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, మిగిలినవి వేస్తే చాలు. గత డోసుకి తీవ్రమైన అలర్జీ వచ్చిందంటే మాత్రం వేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

• పెద్దవాళ్లకి భుజం కండరానికే, పిరుదుకి వద్దు, అక్కడ వేస్తే సరిగా పనిచేయదు.

• అడ్రినలిన్ (తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే మందు) చేతికందేలా ఉందా? బీరువాలో పెట్టి తాళం వేసుంటే ఉన్నా లేనట్టే.

• కూర్చోబెట్టే వేయండి. మా దగ్గర ఒకసారి గట్టి మనిషే, సూది తీయగానే కళ్లు తిరిగి పడిపోయాడు. అందుకే టీకా వేశాక ఎవరినైనా అరగంట అక్కడే ఉంచండి.

• సూదికి మూత తిరిగి పెట్టొద్దు, వాడగానే హబ్ కట్టర్‌లోకే (సూదిని కత్తిరించే పరికరం).

• మూడో డోసు తర్వాత 1-2 నెలలకి చేయించాల్సిన యాంటీబాడీ టెస్ట్ (టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష) తేదీ ఇప్పుడే కార్డు మీద రాసివ్వండి.