పాత బుల్లెట్ మొరాయిస్తోందా? ఇంజిన్ విప్పే ముందు ఒక్కసారి ఇవి చూసుకోండి

మా నాన్నగారి బుల్లెట్ 350, 1994 మోడల్, ఏపీ 31 నంబరు బండి. వైజాగ్ పెదవాల్తేరులో మా ఇంటి మెట్ల కింద హుద్‌హుద్ తుపాను అప్పట్నుంచి, అంటే 2014 అక్టోబర్ నుంచి అలా పడి ఉండిపోయింది. నేను దాన్ని బయటికి తీసినప్పుడు మొదట ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను, వాళ్ళు చూసీ చూడగానే ఇంజిన్ పోయింది బాబూ బోరు కొట్టాలి అన్నారు, సరే అన్నాను, బోరు పిస్టన్ అన్నీ అయ్యాయి డబ్బులూ అయ్యాయి, బండి మాత్రం మళ్ళీ అదే తంతు. చివరికి చూస్తే సీబీ పాయింట్ల (ప్లగ్‌లో నిప్పు పుట్టేలా కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్) మీద పల్చగా తెల్లటి పొర, అంతే. అది తుడవగానే మూడో కిక్కుకి స్టార్ట్ అయ్యింది. నాకు చాలా బాధేసింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

వైజాగ్‌లో పాత బండికి వచ్చే జబ్బులు చాలామటుకు ఇంజిన్ లోపల ఉండవండి. సముద్రం పక్కన ఊరు, ఉప్పుగాలి, తేమ, ఇవి రెండూ కలిసి ముందు పట్టేది కరెంటు వెళ్ళే జాయింట్లని, స్ప్రింగుల్ని, ట్యాంకు లోపల రేకుని. కాబట్టి పైసా ఖర్చు లేనివి ముందు చూడాలి, స్పానర్ పట్టుకుని హెడ్ (సిలిండర్ పైభాగం) దగ్గరికి వెళ్ళడం ఆఖరు పని. నేను రాసేది పాయింట్లు ఉన్న క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ గురించి, తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే) ఇంజిన్లకి ఇందులో కొన్ని వర్తించవు.

ఎంత కిక్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు

ముందు అమ్మీటర్, అంటే కరెంటు రాకపోకలు చూపించే ముల్లు మీటర్, చూడండి. చాలామంది అదేదో అందానికి పెట్టారనుకుంటారు, నా మట్టుకు ఆ బండి మీద అంతకంటే మంచి మెకానిక్ లేడు. లైట్లన్నీ ఆపేసి ఇగ్నిషన్ ఆన్ చేసి, కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ ముల్లునే చూస్తూ ఉండండి. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు ముల్లు మైనస్ వైపు కొంచెం వాలుతుంది, పాయింట్లు విడగానే టక్కున మధ్యకి వచ్చేస్తుంది, ఇలా వాలడం రావడం కనిపిస్తే పాయింట్ల వరకు కరెంటు బానే ఉన్నట్టు. ముల్లు అసలు కదలకుండా మధ్యలోనే నిలబడిపోతే పాయింట్లు మురికి పట్టాయి, లేదా బ్యాటరీ, ఫ్యూజు, కీ స్విచ్ల్లో ఎక్కడో కరెంటు తెగింది. ఎప్పుడూ మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు విడట్లేదు, లేదంటే కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపుని అణిచే చిన్న డబ్బా) షార్ట్ అయ్యింది.

పాయింట్ల కవర్ తీసి నున్నటి ఎమరీ పేపర్‌తో రెండు ముఖాలూ చాలా తేలిగ్గా రుద్ది, తర్వాత పెట్రోల్‌లో ముంచిన పెళ్ళి శుభలేఖ ముక్క మధ్యలో పెట్టి లాగండి. ఈ రెండో పని మానేస్తే ఎమరీ పొడి అక్కడే ఉండిపోయి మళ్ళీ మొదటికే వస్తుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 ఎంఎం మధ్య ఉండాలి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) కొనుక్కోండి, ఏళ్ళ తరబడి ఉంటుంది, హ్యాక్సా బ్లేడుతో అంచనాలు వద్దు. సాయంత్రం పూట ప్లగ్ తీసి దాని క్యాప్‌కే తొడిగి సిలిండర్ రెక్కలకి ఆనించి కిక్ కొడితే నీలంగా చిటుక్కుమని కొట్టాలి. పసుపుగా నీరసంగా వస్తూ అదే టైములో పాయింట్ల దగ్గర పెద్ద మెరుపు కనబడితే కండెన్సర్ పోయినట్టే, అది చిన్న ఖర్చు. ఇది చేసేటప్పుడు పెట్రోల్ డబ్బా, ఆ తడిసిన గుడ్డలు దూరంగా పెట్టండి, మర్చిపోవద్దు.

స్టార్ట్ అవుతోంది కానీ కిక్ రాడ్ వెనక్కి తన్నేస్తోంది

ఇది కాలు విరిగే వ్యవహారం, రేపు చూద్దాంలే అనొద్దు. టైమింగ్, అంటే ప్లగ్ నిప్పు కొట్టే సమయం, బాగా ముందుకి పోతే ఇలా తంతుంది. అడ్వాన్సు (స్పీడుతో పాటు ఆ సమయాన్ని ముందుకి జరిపే ఏర్పాటు) వెనక్కి ఉన్నప్పుడు పిస్టన్ పైకి చేరడానికి 0.8 ఎంఎం ముందు పాయింట్లు విడాలి, అది ఈ బండి లెక్క. అయితే టైమింగ్ ఎవరూ కదపకపోయినా తన్నుతోందంటే ఆటో అడ్వాన్సు యూనిట్ మీద అనుమానపడండి. పాయింట్ల ప్లేటు కింద రెండు చిన్న బరువులు, రెండు సన్నటి స్ప్రింగులు ఉంటాయి, ఇంజిన్ స్పీడ్ పెరిగితే బరువులు బయటికి వెళ్ళాలి, తగ్గితే స్ప్రింగులు వాటిని లోపలికి లాగాలి. మా బండిలో ఆ బరువుల పిన్నులు తుప్పుకి బిగుసుకుపోయి బయటే ఉండిపోయాయి, అంటే బండి ఆగి ఉన్నా టైమింగ్ మాత్రం స్పీడులో వెళ్తున్నట్టే ఉంది, ఇంక తన్నకేం చేస్తుంది. కిరసనాయిల్‌తో కడిగి, పిన్నులకి ఒక్కో చుక్క ఆయిల్ వేసి, వేలితో తిప్పి వదిలితే వెనక్కి చటుక్కున రావాలి, నెమ్మదిగా బద్ధకంగా వస్తే స్ప్రింగులు మార్చండి. పాయింట్ల మీద మాత్రం ఆయిల్ పడకూడదు.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యమే. గట్టిగా ఆగేవరకు నొక్కి, డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసేది) పట్టుకుని కొంచెం దాటించి, లివర్ వదిలేసి, రాడ్‌ని పూర్తిగా పైకి రానిచ్చి అప్పుడు నిండుగా ఒక్కటి. నాన్నగారు చెప్పుల్తో ఎప్పుడూ కొట్టేవారు కాదు, షూ వేసుకునే కొట్టేవారు, మీరూ అంతే చెయ్యండి.

బాగా వెళ్తూ వెళ్తూ దగ్గి ఆగిపోతోంది

హనుమంతవాక దాటి కైలాసగిరి ఘాట్ ఎక్కుతుంటే సగంలో ఆగిపోయేది, పది నిమిషాలు నిలబెడితే మళ్ళీ స్టార్ట్ అయ్యేది. ఆగిన వెంటనే, బండి చల్లారకముందే, పెట్రోల్ ట్యాంకు మూత తియ్యండి. సుయ్ మని గాలి లాక్కున్న చప్పుడు వచ్చి, కాసేపటికే బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి కన్నం పూడిపోయింది, సన్న సూదితో పొడిస్తే సరి. మూత తీసినా లాభం లేకపోతే ప్లగ్ తీసి స్పార్క్ చూడండి, స్పార్క్ లేదంటే వేడికి కాయిల్ గానీ కండెన్సర్ గానీ దెబ్బతింటోంది.

స్పార్క్ ఉండి పెట్రోల్ రావట్లేదంటే ట్యాంకు తుప్పు. కార్బొరేటర్ కింద బౌల్ విప్పితే ఎర్రటి పొడి కనిపిస్తుంది, బౌల్ ఎన్నిసార్లు కడిగినా వారానికి మళ్ళీ అదే, ఎందుకంటే తుప్పు పైన ఉంది. ట్యాంకు దింపి పెట్రోల్ మొత్తం తీసేసి సబ్బునీళ్ళతో కడిగాక, అరకిలో నిమ్మ ఉప్పు వేడినీళ్ళలో కలిపి నిండా పోసి ఒక రాత్రి ఉంచండి, పూర్ణామార్కెట్లో కిరాణా సరుకులు అమ్మే కొట్లలో దొరుకుతుంది. పెయింట్ మీద పడకుండా చూసుకోండి. పొద్దున్న పారబోసి వంటసోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. ఇక్కడే మన ఊళ్ళో అందరూ దెబ్బతినేది: లోపల మెరిసిపోతోంది కదా అని సాయంత్రం వరకు వదిలేస్తారు, ఈ తేమకి గంటల్లోనే మళ్ళీ నారింజ రంగు వచ్చేస్తుంది. గట్టి ఎండలో తొందరగా ఆరబెట్టి, గ్లాసు పెట్రోల్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పేయాలి. తర్వాత కూడా ట్యాంకు నిండుగానే ఉంచండి. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లని, ట్యాప్ సీళ్ళని కూడా మెత్తబరుస్తుంది, అవి ఎలాగూ మార్చేయండి.

పెయింట్ వేయించాక లైట్లు గుడ్డిగా, హారన్ పీలగా

రిస్టోర్ చేసినవాళ్ళకి ఎక్కువగా వచ్చేది ఇదే. చాసిస్‌కి పౌడర్ కోటింగ్ అద్భుతంగా చేయిస్తారు, ఆ కోటింగ్ కరెంటుని పోనివ్వదు, ఎర్త్ బోల్టు ఆ రంగు మీదే బిగించేస్తారు. కొత్త బ్యాటరీ కొనకండి దయచేసి. ఎర్త్ బోల్టు కింద రూపాయి బిళ్ళంత రంగు గీకి ఇనుము కనబడేలా చేసి, బిగించాక పైన వాజెలిన్ పూసేయండి, లేకపోతే గీకిన చోట తుప్పు మొదలవుతుంది. ఇంకా మంచిదేంటంటే బ్యాటరీ ఎర్త్ నుంచి ఇంజిన్‌కి నేరుగా ఒక లావు వైరు వేసేయడం. బల్బు మార్చేటప్పుడు మీ బండి 6 వోల్టులా 12 వోల్టులా చూసుకోండి, పాత మోడళ్ళలో రెండూ ఉన్నాయి.

సైలెన్సర్ మార్చాక పటపట పేలుతోంది

గ్రిప్ వదిలినప్పుడు పేలితే ముందు బెండ్ పైపు హెడ్‌కి చేరే చోట గాలి పీలుస్తోందేమో చూడండి. అది బాగుంటే మిక్చర్ పల్చబడింది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు, ఫ్రీగా ఊదే సైలెన్సర్ పెట్టి జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే కన్నం) పాతదే ఉంచితే ఇంజిన్ కాలిపోతుంది. ప్లగ్ కొన లేత ఇటుక రంగులో ఉండాలి, సున్నంలా తెల్లగా ఉంటే పల్చన, మసిలా ఉంటే ఎక్కువ. నా సలహా మాత్రం ఒరిజినల్ సైలెన్సరే ఉంచుకోమని, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చకూడదు, పైగా 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి బండిని చూపించాలి కదా. సీటు కుట్టించుకోండి, రంగు వేయించుకుంటే ఆర్సీలో మార్పించుకోండి.

చాన్నాళ్ళకి స్టార్ట్ చేస్తే నీలం పొగ

కంగారు పడకండి, నిలబడ్డ బుల్లెట్లో ఆయిల్ మెల్లగా క్రాంక్ లోపలికి దిగిపోతుంది, అదే కాలుతోంది. కొన్ని నిమిషాల్లో తగ్గిపోతే వదిలేయండి. వేడెక్కాక కూడా గ్రిప్ తిప్పినప్పుడల్లా వస్తే రింగులు, దిగువకి గ్రిప్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు గుప్పుమంటే వాల్వ్ గైడ్లు, అప్పుడు ఆటోనగర్‌లో లేత్ పని తప్పదు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే హెడ్ దగ్గర రాకర్లకి (వాల్వుల్ని కదిపేవి) వెళ్ళే ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేసి ఆయిల్ ఊరుతోందో లేదో చూడండి, రాకపోతే అప్పటికప్పుడు ఇంజిన్ ఆపేయండి, పంపు చూడకుండా మళ్ళీ కిక్ కొట్టొద్దు.