ఇంటింటి సర్వేలో పిల్లల ఎత్తు కొలిచే ముందు జాగ్రత్తలు

ఎత్తు కంటే ముందు వయసు తేల్చుకోవాలి. గిడసబారడాన్ని వయసుకు తగ్గ ఎత్తును బట్టే నిర్ణయిస్తారు కనుక, పుట్టిన తేదీ ఒక్క నెల అటూ ఇటూ అయినా పసివాళ్ల విషయంలో లెక్క తారుమారు కావచ్చు; అందువల్ల తల్లి చెప్పిన తేదీని జనన ధ్రువపత్రంతోనో టీకాల కార్డుతోనో సరిచూసుకోవాలి.

రెండేళ్లు నిండని బిడ్డను పడుకోబెట్టి, నిండిన బిడ్డను నిలబెట్టి కొలవాలి. ఈ రెండు పద్ధతుల మధ్య సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా ఉంటుంది కాబట్టి, బిడ్డ మొండికేసి నిలబడకపోతే ఎలా కొలిచారో ఫారంలో తప్పక రాయాలి.

చెప్పులు తీయించి, నెత్తిన ముడి ఉంటే విప్పించాలి. నిలబెట్టినప్పుడు ఒకరు మోకాళ్లు, మడమలు పట్టుకుంటే మరొకరు తలను సరిచేయాలి. ఒక్కరే కొలిచిన అంకెను నేనైతే నమ్మను.

ఎత్తుతో పాటు బరువూ చూస్తారు కనుక, తూకం యంత్రాన్ని రోజూ తెలిసిన బరువుతో పరీక్షించాలి. రెండు పాదాలూ వాచిన బిడ్డను, బరువు ఎంతున్నా, వెంటనే వైద్యానికి పంపాలి.